ఆయిల్ రేడియేటరా, ఫ్యాన్ హీటరా, క్వార్ట్జ్ రాడ్డా: వాట్లు ఒకటే, వేడి చేరే చోటే వేరు

రూమ్ హీటర్ పెట్టెల మీద కనిపించే మాటల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది "తక్కువ కరెంటుకే ఎక్కువ వేడి". కాయిల్ కాల్చి వేడి పుట్టించే హీటరు ఏ కంపెనీదైనా 1000 వాట్లు తీసుకుంటే 1000 వాట్ల వేడే ఇస్తుంది. ఒక్క వాట్ ఎక్కువ రాదు, తక్కువా రాదు. ఫ్యాన్ తోసిన గాలి గదిలోనే తిరిగి తిరిగి నెమ్మదించి ఆ శక్తిని వేడిగానే వదిలేస్తుంది. రాడ్డు నుంచి వచ్చే ఎర్రటి వెలుగు గోడకో దుప్పటికో తగిలి వేడిగానే మారుతుంది. 1000 వాట్ల మీద గంటసేపు నడిస్తే మీటరులో ఒక యూనిట్ తిరగడం మూడింటికీ సమానమే. ఈ లెక్కకు లొంగనిది హీట్ పంప్ పద్ధతిలో పనిచేసే ఏసీ ఒక్కటే. అది వేడిని పుట్టించదు, బయటి గాలి నుంచి లోపలికి తోడి పోస్తుంది. దాని సంగతి ఇక్కడ వద్దు.

మరి మూడు రకాలెందుకంటే, పుట్టిన వేడి ముందుగా ఎవరికి అందుతుందన్నది మారుతుంది కాబట్టి. గాలికా, గోడకా, మీ చర్మానికా? కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

వేడి హీటరు నుంచి బయటపడే ముఖ్యమైన దారులు రెండు. ఒకటి సంవహనం. వేడి లోహాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది; ఖాళీ అయిన చోటికి కింది చల్లగాలి వచ్చి చేరుతుంది. రెండోది వికిరణం. మధ్యలో గాలితో పనిలేకుండా పరారుణ కిరణాలుగా సూటిగా వెళ్లి, తగిలిన చోట వేడిగా మారుతుంది. సంవహనం ఉష్ణోగ్రతల తేడాకు దాదాపు అనుపాతంలో పెరుగుతుంది. వికిరణం దూకుడు వేరు. కెల్విన్లలో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే అంకె) కొలిచిన ఉష్ణోగ్రత రెట్టింపైతే అది పదహారు రెట్లవుతుంది, ఎందుకంటే లెక్క నాలుగో ఘాతంలో నడుస్తుంది. 1879లో యోసెఫ్ స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుంచి పట్టుకున్న, 1884లో లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ సిద్ధాంతం నుంచి రాబట్టిన నియమమిది. ఏ హీటరు ఏ కోవలోకి వస్తుందో తేల్చేది ఈ నియమమే తప్ప పెట్టె మీద అచ్చేసిన పేరు కాదు.

క్వార్ట్జ్ రాడ్ హీటరు

ఎక్కువగా దొరికేది 400 వాట్ల రాడ్లు రెండున్న నమూనా. గొట్టం లోపలి కాయిల్ నారింజ రంగుకు తిరిగిందంటే అది 900 డిగ్రీల సెల్సియస్ పైమాటే. 927 డిగ్రీలు, అంటే 1200 కెల్విన్, అనుకుందాం. ఆ ఉష్ణోగ్రత దగ్గర పరిపూర్ణమైన నల్లని ఉపరితలం చదరపు మీటరుకు 117 కిలోవాట్లకు పైగా వికిరణం చేస్తుంది. 400 వాట్లు పంపించడానికి 34 చదరపు సెంటీమీటర్ల తీగ ఉపరితలం చాలు. అంతే చోటు నుంచి గాలి పట్టుకుపోగలిగేది 30, 40 వాట్లకు మించదు. అందుకే తీగ దగ్గర గెలుపు వికిరణానిదే.

అయితే తీగ దగ్గర పుట్టినదంతా మీదాకా రాదు. క్వార్ట్జ్ గాజు సుమారు 4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దాకానే పారదర్శకం. 1200 కెల్విన్ల వస్తువు వెలువరించే శక్తిలో దాదాపు 40 శాతం అంతకంటే పొడవైన తరంగాల్లో ఉంటుంది. ఆ భాగాన్ని గొట్టమే మింగి, తానూ వేడెక్కి, కొంత తిరిగి వికిరణం చేసి, మిగతాది చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తుంది. "నూరు శాతం ఇన్ఫ్రారెడ్" అని రాసిన హీటరు పైభాగం మీద అరచేయి ఎత్తుగా పెట్టి చూడండి, వేడిగాలి లేవడం తెలుస్తుంది.

ఈ రకంలో డబ్బు పెట్టాల్సింది రాడ్డు మీద కాదు, వెనకున్న అద్దంలాంటి రేకు మీద. మెరిసే అల్యూమినియం లేదా స్టీలు రేకు పరారుణ కిరణాలను చాలావరకు ముందుకు తిప్పికొడుతుంది. దుమ్ము పట్టి మసకబారితే అదే రేకు కిరణాలను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ముందు కూర్చున్నవారికి వేడి తగ్గుతుంది, వెనక బాడీ కాలుతుంది. సీజన్ మొదట్లో ప్లగ్ తీసేసి, పూర్తిగా చల్లారాక, పొడి మెత్తటి గుడ్డతో రేకును తుడవడం ఈ హీటరుకు చేయగల ఒకే ఒక్క మంచి సర్వీసింగ్. గీతలు పడేలా రుద్దితే మాత్రం తుడవకపోవడమే నయం.

లోపాలు స్పష్టమే. కిరణాలు తగిలిన వైపే వేడి. ముఖం కాలుతుంటే వీపు చల్లగా ఉంటుంది. మధ్యలో కుర్చీ వీపు అడ్డొస్తే కుర్చీకే వెచ్చదనం. రాడ్డు పొడవు కంటే బాగా దూరం జరిగాక, దూరం రెట్టింపైతే అందే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకటిన్నర మీటరు దాటితే దీనితో పెద్దగా ప్రయోజనం లేదు. కానీ తలుపులు తెరిచి ఉన్న వరండాలో, గాలిని వేడిచేయడం దండగైన చోట, ఒక్క మనిషికి పనికొచ్చేది ఇదే. స్విచ్ వేసిన అర నిమిషంలో వేడి అందుతుంది, ఆపితే అంతే వేగంగా పోతుంది.

పాడయ్యే తీరు కూడా ఒకటే రకం. ఎర్రగా కాలుతున్న కాయిల్ మెత్తబడి ఉంటుంది. ఆ స్థితిలో హీటరును జరిపినా, కాలు తగిలినా చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. దాంతో నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, మిగతా చుట్లు ఇంకా ఎక్కువ కాలి, కొద్దిరోజుల్లో తెగిపోతాయి. ఆపి, రంగు పోయి, చల్లారాకే కదపాలి. కర్టెన్లు, పరుపులు, కాగితాలు కనీసం మీటరు దూరంలో ఉండాలి. గాలి వేడెక్కలేదు కదా అని ధైర్యపడకండి. కిరణాలు గాలిని వదిలేసి నేరుగా గుడ్డనే వేడిచేస్తాయి.

హాలోజన్ రకం దీనికి అన్నలాంటిది. ఫిలమెంట్ ఇంకా వేడి, వెలుగు చాలా ఎక్కువ. పడకగదిలో ఆ వెలుగే ఇబ్బంది.

ఫ్యాన్ హీటరు

అందరూ తిట్టుకునే హీటరు ఇది: చప్పుడు చేస్తుంది, ఆపగానే చలి వేస్తుంది. రెండూ నిజమే. కానీ చేసే పని చూస్తే మూడింటిలో నిజాయతీ దీనిదే. ఇది గాలినే వేడిచేస్తానంటుంది, గాలినే వేడిచేస్తుంది.

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 36 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. బరువు సుమారు 43 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడిచేయడానికి 43 కిలోజౌళ్లు చాలు. అంటే 2000 వాట్ల హీటరు గోడలేవీ పీల్చుకోకపోతే 10 డిగ్రీల పెరుగుదలను మూడున్నర నిమిషాల్లో ఇచ్చేయాలి. నిజంగా అలా జరగదు. ఆ గది గోడలు, నేల, పైకప్పు కలిపి 66 చదరపు మీటర్లు. వాటి మీది ఒక్క సెంటీమీటరు సిమెంటు పూతే గాలి కంటే 20 రెట్లకు పైగా వేడిని దాచుకోగలదు. గాలి వెచ్చబడ్డ క్షణం నుంచే గోడలు దాన్ని లాగేస్తుంటాయి. ఫ్యాన్ ఆపిన కొద్ది నిమిషాల్లో "వేడంతా ఎక్కడికి పోయింది" అనిపించడానికి కారణం ఇదే. పోలేదు, గోడలోకి వెళ్లింది. అరగంట నడిపాక ఆపి చూస్తే చల్లబడటం నెమ్మదించి ఉంటుంది.

ఇక ఎక్కువమంది పాడైపోయిందనుకుని మూలన పడేసే సమస్య: ఐదు నిమిషాలు నడిచి ఆగిపోవడం. సెకనుకు 30 లీటర్ల గాలి తోసే 2000 వాట్ల ఫ్యాన్ హీటరులో గాలి దాదాపు 55 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. గది 20 డిగ్రీలుంటే మూతి దగ్గర 75 డిగ్రీలు. వెనక జాలీకి దుమ్ము, వెంట్రుకలు పట్టి గాలి సగానికి తగ్గిందనుకోండి, పెరుగుదల 110 డిగ్రీలవుతుంది, మూతి దగ్గర 130. లోపలి థర్మల్ కటాఫ్ తన పని తాను చేసి ఆపేస్తుంది. మెకానిక్‌కు ఇచ్చి కటాఫ్ తీయించి నేరుగా వైరు కలిపించడం కంటే ప్రమాదకరమైన మరమ్మతు లేదు. చల్లారాక బ్రష్‌తో జాలీ దులిపితే నూటికి తొంభైసార్లు అదే సర్దుకుంటుంది అనాలనిపిస్తుంది గానీ లెక్కపెట్టినవారు లేరు. ముందు దులపండి, ఆ తర్వాతే మెకానిక్.

కాయిల్ బదులు సిరామిక్ పలకలు వాడే పీటీసీ రకం ఈ విషయంలో మెరుగు. బేరియం టైటనేట్ ఆధారంగా చేసే ఆ పలకల నిరోధం ఒక ఉష్ణోగ్రత దాటగానే నిలువునా పెరిగిపోతుంది. గాలి తగ్గితే పలక తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. కాయిల్ రకానికి, దీనికి ధర తేడా ఉంటే దీనికే ఇవ్వండి.

పెట్టాల్సిన చోటు నేల మీదే. టేబుల్ మీద పెడితే వేడిగాలి మొత్తం పైకప్పు కింద పొరలా పేరుకుంటుంది. పాదాల దగ్గర, తల దగ్గర రెండు థర్మామీటర్లు పెడితే తేడా బయటపడుతుంది. సీలింగ్ ఫ్యాన్‌ను అన్నిటికంటే తక్కువ వేగంలో తిప్పితే ఆ పొర కలిసిపోతుంది. వేగం పెంచితే ఒంటికి గాలి తగిలి మళ్లీ చలి.

ఆయిల్ హీటరు, అంటే రేడియేటర్ అనబడేది

పేరులో రేడియేటర్ ఉంది, చేసే పనిలో పెద్ద వాటా సంవహనానిది. ఇది అభిప్రాయం కాదు, లెక్క వేస్తే తేలేదే. 11 ఫిన్‌ల మామూలు నమూనాలో (ఫిన్ అంటే నిలబెట్టిన లోహపు పలక) ఒక్కో ఫిన్ 60 సెంటీమీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే రెండు వైపులా కలిపి దాదాపు 2 చదరపు మీటర్లు. కానీ మధ్య ఫిన్‌లు చూసేది గదిని కాదు, పక్క ఫిన్‌ను. ఒకదాని కిరణాలు రెండోదానికి తగిలి అక్కడే తచ్చాడతాయి. బయటి గదికి కనిపించే పెట్టె ఆకారపు వైశాల్యం 0.85 చదరపు మీటర్లే. ఫిన్ 80 డిగ్రీలు, గది 20 డిగ్రీలు ఉంటే వికిరణంగా పోయేది సుమారు 350 వాట్లు, ఫిన్‌ల మధ్య నుంచి లేచే గాలి తీసుకెళ్లేది సుమారు 600. మొత్తం 950. అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువే వికిరణం.

దీని నుంచి కొనుగోలుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 9 ఫిన్‌లా, 11 ఫిన్‌లా, 13 ఫిన్‌లా అన్న బేరంలో వాట్లు ఒకటే అయితే ఎక్కువ ఫిన్‌లకు ఎక్కువ వేడి రాదు. అదే వేడి ఎక్కువ వైశాల్యానికి పరుచుకుని ఫిన్ ఉష్ణోగ్రత తగ్గుతుంది. చేయి తగిలితే కాలే భయం తగ్గుతుంది, పసిపిల్లలున్న ఇంటికి అది మేలే. అదే "వేడి ఎక్కువ" అని అమ్మితే నమ్మాల్సిన పనిలేదు.

రంగు విషయానికొస్తే, తెల్లదైనా నల్లదైనా ఒకటే. 80 డిగ్రీల వస్తువు వికిరణం 8 మైక్రాన్ల చుట్టూ ఎక్కువగా ఉంటుంది. ఆ తరంగాల దగ్గర మామూలు పెయింట్ ఏ రంగుదైనా ఉద్గారత, అంటే పరిపూర్ణమైన నల్లని ఉపరితలంతో పోల్చితే కిరణాలు వెలువరించే పాలు, 0.9 చుట్టుపక్కలే. వెండిరంగు అల్యూమినియం పెయింట్ మాత్రం వేరు, దాని ఉద్గారత బాగా తక్కువ. పాత హీటరుకు తళతళలాడాలని వెండిరంగు పూస్తే ఉన్న ఆ మూడో వంతు వికిరణం కూడా పడిపోతుంది.

లోపలి నూనె కాలదు, ఖర్చు కాదు, మార్చాల్సిన అవసరం లేదు. అడుగున ఉన్న ఎలిమెంట్ వేడిచేస్తే నూనె పైకి లేచి, ఫిన్‌లలో చల్లబడి, కిందికి దిగుతుంది. డబ్బా లోపలా సంవహనమే నడుస్తోందన్నమాట. నూనె వ్యాకోచించడానికి పైన కొంత ఖాళీ వదులుతారు. హీటరును పడుకోబెడితే ఆ ఖాళీ ఎలిమెంట్ మీదికి వచ్చి, నూనె తడి లేని చోట ఎలిమెంట్ మాడిపోతుంది. బండిలో అడ్డంగా తెచ్చినదాన్ని నిలబెట్టి, నూనె పూర్తిగా దిగేదాకా ఆగి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టాలి. వేడెక్కేటప్పుడు టిక్ టిక్ చప్పుళ్లు లోహం సాగడం వల్ల వచ్చేవే. అడుగున నూనె చుక్క కనిపిస్తే మాత్రం వాడకం ఆపేయండి.

"ఆపాక కూడా గంటల తరబడి వేడి" అన్న మాటకు వద్దాం. 4 కిలోల నూనె, 8 కిలోల స్టీలు ఉన్నాయనుకుంటే ఒక డిగ్రీకి 12 కిలోజౌళ్లు. 60 డిగ్రీల తేడాకు 720 కిలోజౌళ్లు, అంటే ఒక యూనిట్‌లో ఐదో వంతు. ఆపిన దగ్గర్నుంచి దాదాపు పది నిమిషాల్లోనే గదికీ ఫిన్‌కూ ఉన్న తేడా సగమవుతుంది. చల్లారుతున్నకొద్దీ గాలి కదలిక మందగించి మిగతా సగం నెమ్మదిగా పోతుంది. అరగంట దాకా గోరువెచ్చగా ఉంటుంది, అంతే. పైగా ఆ వేడి ఉచితంగా రాలేదు. మొదట్లో 15, 20 నిమిషాలు మీరు చలిలో కూర్చుని నూనెకు అప్పిచ్చినదే.

మరి దీనికి మంచి మార్కులెందుకు? చప్పుడు లేదు, వెలుగు లేదు, ఫిన్ ఎర్రబడదు, రాత్రంతా ఒక్కలా నడుస్తుంది. ఆరేడు గంటలు మెల్లగా నడిచేసరికి గోడలు కూడా కొంత వెచ్చబడతాయి. ఈ చివరిది పైకి కనిపించని పెద్ద లాభం. మనిషి ఒళ్లు కూడా వికిరణం చేసే వస్తువే. బట్టల ఉపరితలం 27 డిగ్రీలు, గోడలు 12 డిగ్రీలు ఉంటే ఒంటి నుంచి గోడలకు నికరంగా 100 వాట్ల చొప్పున పోతుంది. అదే గోడలు 20 డిగ్రీలుంటే 50 వాట్లే. కదలకుండా కూర్చున్న మనిషి పుట్టించేదే సుమారు 100 వాట్లు. గాలి 22 డిగ్రీలు చూపిస్తున్నా చలిగా ఉందని ఎవరైనా అంటే వాదించకండి. వారి వేడిని గోడ లాక్కుంటోంది.

థర్మోస్టాట్ నాబ్ మీది 1 నుంచి 6 అంకెలు డిగ్రీలు కావు. అది కొలిచేది గదిని కాదు, హీటరు ఒంటిని ఆనుకున్న చోటును. కర్టెన్ పక్కనో సోఫా వెనకనో పెడితే అక్కడ వేడి చిక్కుకుని గది చల్లగా ఉండగానే ఆగిపోతుంది. చుట్టూ అర మీటరు ఖాళీ వదిలి, వీలైతే కిటికీ కింద పెట్టండి. చల్లటి గాజును రాసుకుంటూ కిందికి జారే చల్లగాలికి హీటరు నుంచి లేచే వేడిగాలి ఎదురెళ్లి ఆపుతుంది. పైన తడిబట్టలు ఆరేయడం మానండి. గాలి దారి మూసుకుపోయి, కిరణాలు ఆగిపోయి, చివరి కాపలా అంతా ఒక్క కటాఫ్ మీద పడుతుంది.

వెనక చిన్న ఫ్యాన్ ఉన్న నమూనాలు త్వరగా వేడిస్తాయి, నిజమే. కానీ నూనె వైపు 2500, హీటరున్న ఆ ఫ్యాన్‌కు 400 కలిపి 2900 వాట్లు. 230 వోల్టుల దగ్గర 12.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్‌కు నేరుగా పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే ముందుగా వేడెక్కేది గది కాదు, బోర్డు.

గోడ పలకలు

ఇన్ఫ్రారెడ్ ప్యానెల్ పేరుతో వచ్చే చదును పలకలు 100 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకు 600 వాట్ల చొప్పున వికిరణం చేస్తాయి. గోడకు నిలువుగా పెడితే గాలి కూడా 450, 500 దాకా లాక్కుపోతుంది. పైకప్పుకు బిగిస్తే వేడిగాలి పలక కిందే నిలిచిపోయి సంవహనం బాగా తగ్గుతుంది, వికిరణం వాటా పెరుగుతుంది. ఆ పేరుకు తగ్గట్టు పనిచేయాలంటే అక్కడే పెట్టాలి.

హీటరు ఆక్సిజన్ తినేస్తుందన్న భయం విద్యుత్ హీటర్లకు వర్తించదు, అక్కడ మండేదేమీ లేదు. గాలి పొడిబారడం మాత్రం ఉంది, నీరు పోయి కాదు. 15 డిగ్రీల దగ్గర 60 శాతం ఉన్న సాపేక్ష ఆర్ద్రత అదే గాలి 25 డిగ్రీలకు వేడెక్కితే 32 శాతానికి దిగుతుంది. ఏ రకం హీటరుతో అంత వేడిచేసినా అంతే. "గాలిని పొడిబార్చని టెక్నాలజీ" అంటే గాలిని సరిగా వేడిచేయనిదని అర్థం చేసుకోవచ్చు.

రాత్రంతా మూసి ఉంచే పడకగదికి ఆయిల్ హీటరు. పది నిమిషాల పనికి, ఒకేసారి గది మొత్తం వెచ్చబడాలంటే పీటీసీ ఫ్యాన్ హీటరు, కానీ తడి తగిలే చోట వద్దు. తెరిచి ఉన్న చోట ఒక్కరికి క్వార్ట్జ్. చిన్న గదిలో క్వార్ట్జ్ పెట్టుకుని నిద్రపోవడం మాత్రం ఏ లెక్కన చూసినా పొరపాటే.

దుకాణంలో రెండు పరీక్షలు చేయించుకోండి. ఫ్యాన్ లేని హీటరు ఆన్ చేసి, దాని ముందు నిలబడి, ముఖానికి అడ్డంగా ఒక్క క్షణం అట్ట పెట్టండి. వేడి అప్పటికప్పుడు తెగిపోతే మీకు అందుతున్నది వికిరణం. తేడా తెలియకపోతే గాలి. అట్టను హీటరు దగ్గరికి తీసుకెళ్లకండి. రెండోది, నడుస్తున్న ఫ్యాన్ హీటరును లేదా ఇంకా ఎర్రబడని రాడ్ హీటరును ఒక పక్కకు వంచమనండి. టిప్ స్విచ్ ఉంటే వెంటనే ఆగాలి. ఆగకపోతే ఆ నమూనా పక్కన పెట్టేయండి. ఇంటికొచ్చాక గది ఉష్ణోగ్రత చూడాలంటే థర్మామీటరును రాడ్డుకు ఎదురుగా పెట్టకండి. అది గాలిని కాదు, తనకు తగిలే కిరణాలను చూపిస్తుంది. మెరిసే రేకు ముక్కను దానికీ హీటరుకూ మధ్య, గాలి ఆడేలా, అడ్డం పెట్టి చదివితే అసలు అంకె వస్తుంది.